చవితినాటి తేనెపట్టు

దీపావళికి వారం ముందు ఒక ఉదయం కొట్టు షట్టరు ఎత్తి, అలవాటుగా వీధికి అవతలున్న పార్కు వైపు చూశాను. నిద్రగన్నేరు చెట్టు పెద్ద కొమ్మకి ఎవరో నల్లటి గోనె సంచి వేలాడదీసినట్టు కనిపించింది. చూస్తుండగానే సంచి మీద పై నుంచి కిందికి ఒక వణుకు పాకింది. అది సంచి కాదు, తేనెపట్టు. కొండ చరియల్లో పట్టే పెద్ద ఈగల పట్టు. తాళం చెవి నా చేతిలోంచి జారిపోయింది.

నేను విజయనగరంలో బెల్లం వర్తకుణ్ణి. తేనెటీగ రాని బెల్లం కొట్టు ఎక్కడా ఉండదు. చిన్నప్పటి నుంచి కుట్టించుకుంటూనే పెరిగాను. కాబట్టి నా భయం నా గురించి కాదు. రెండేళ్ల కిందట నా భార్య అనూరాధ మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి గల్లా దగ్గర పెడుతుంటే మెడ మీద ఒక్క ఈగ కుట్టింది. చిన్న ఈగే. నేను సున్నం డబ్బా వెతికేలోగా ఆవిడ పెదవులు ఉబ్బిపోయాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, గొంతులో పిల్లికూత మొదలైంది. ఆటోలో ఆస్పత్రికి వెళ్తుంటే దారి మధ్యలో నా చెయ్యి పట్టుకున్న వేళ్లు వదులైపోయాయి. డాక్టరు బతికించాడు. తర్వాత నన్నొక్కణ్ణీ వరండాలోకి పిలిచి, ఈ ఒంటికి ఈగ విషం పడదని, మళ్లీ కుడితే ఈసారిచ్చినంత వ్యవధి కూడా ఇవ్వదని చెప్పాడు.

ఆ రోజుతో నా తూకం మారిపోయింది. తక్కెడ ఒక సిబ్బిలో అనూరాధని పెట్టి, రెండో సిబ్బిలో ఏది పెట్టాలన్నా ముందు ఆలోచించేవాణ్ణి. ఆవిడని కొట్టుకి రావద్దన్నాను. ఇంట్లో కిటికీలకి దోమతెర కొట్టించాను. పెళ్లిళ్లకి వెళ్తే మిఠాయిల బల్ల వైపు కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. ఇన్ని కట్టుదిట్టాలు చేసుకున్న మనిషికి ఎదురుగా, రోడ్డు దాటితే చాలు, అన్ని వేల ఈగలు వచ్చి కూర్చున్నాయి.

అంతకంటే భయపెట్టింది ఆ చెట్టు మొదట్లో ఉన్న పుట్ట.

మా వైపు నాగుల చవితంటే రెండో దీపావళి. పుట్టలో పాలు పోస్తాం, చలిమిడీ నువ్వుల చిమ్మిలీ పెడతాం, ఆ పుట్ట దగ్గరే టపాకాయలు కాలుస్తాం. మా పేటకంతటికీ పార్కులో పుట్టే దిక్కు. మునిసిపాలిటీ పార్కుల విభాగం వాళ్లు నడక దారి వేసినప్పుడు దాన్ని తవ్వెయ్యకుండా, దారినే ఒంపు తిప్పి, చుట్టూ రాళ్లు పేర్చారు. మా అమ్మాయి సింధూరికి చిన్నప్పుడు చెవిలో చీము కారేది. తగ్గితే ప్రతి చవితికీ పాలు పోస్తానని అనూరాధ ఆ పుట్టకే మొక్కుకుంది. చెవి తగ్గింది, అమ్మాయి పెళ్లి కూడా అయిపోయింది. మొక్కు మాత్రం సాగుతూనే ఉంది.

ఆ రోజు అన్నం తింటూ అనూరాధతో మాట కదిపాను. నరసన్నపేటలో మీ పుట్టింటి వాళ్ల పొలం గట్టున ఎంత పెద్ద పుట్ట ఉందో, ఈ ఏటికి అక్కడికి వెళ్దాం, మీ అన్నయ్యనీ చూసినట్టుంటుంది అన్నాను. ఆవిడ మజ్జిగ పోస్తూ నా మొహంలోకి చూసింది. పార్కులో పట్టు సంగతి అప్పటికే ఆవిడకి తెలుసు.

"నాను మొక్కింది ఈ పుట్టకి. మార్సడానికి అదేటి కొట్టా, ఇక్కడ సరుకు బాగోలేదు, పక్క కొట్టుకి పోదామని?"

బేరం అక్కడితో చెడిపోయింది.

మర్నాడు పార్కుల విభాగం ఆఫీసుకి వెళ్లాను. అక్కడి అధికారి పేరు సుహాసిని. పేటలో అందరూ పార్కు మేడమ్ అంటారు. కిందటేడు హుద్‌హుద్ తుపానుకి పార్కులో చెట్లు వేళ్లతో సహా లేచిపోతే, ఆవిడే నిలబడి కొమ్మలు కోయించింది, రోడ్డుకి దారి చేయించింది, కొత్త మొక్కలు నాటించింది. ఆ గాలికి ఒక పక్కంతా విరిగినా నిలబడిన చెట్టు ఆ నిద్రగన్నేరు ఒక్కటే. ఎండలో మా కొట్ల ముందు నిలబడే రిక్షావాళ్లకీ, హమాలీలకీ ఇప్పుడున్న నీడ కూడా అదొక్కటే. అంచేత ఆవిడంటే నాకు గౌరవం. అయినా వెళ్లింది పట్టుని కాల్పించమని అడగడానికి.

నేను చెప్పిందంతా విన్నది. అనూరాధ సంగతి చెప్పినప్పుడు రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది.

"కాలిస్తే సగం సస్తాయి, జగన్నాధం గారూ. మిగతా సగం ఇల్లు పోయిన కోపం మీద రోజుల తరబడి ఇక్కడిక్కడే తిరుగుతాయి. దగ్గర్లో తీపి ఎక్కడున్నాదో మీకు నాను సెప్పాలా?"

దిక్కులేని ఈగకి నా బెల్లం దిమ్మల కంటే దగ్గరి ఆశ్రయం ఆ పేటలో లేదు. తర్వాత ఆవిడ ఇంకా చెప్పింది. ఊరి చుట్టూ కంది చేలు పూత మీద ఉన్నాయి, ఈ ఈగలు పొద్దున లేచి వెళ్లేది వాటి మీదికే, పూత అయిపోయాక వాటంతటవే లేచిపోతాయి. అంతవరకూ వాటి జోలికి మనం పోకుండా ఉంటే అవీ మన జోలికి రావు. బెల్లంతో పాటు కందులు కూడా కొనేవాణ్ణి కాబట్టి ఆ లెక్క నాకు అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన భయం తగ్గుతుందా? చవితిని ఎవరాపుతారు అని అడిగాను.

చవితిని ఆపక్కర్లేదు, మనమే పద్ధతిగా చేసుకుందాం అన్నది ఆవిడ.

ఆ సాయంత్రమే మా పేట వర్తకులందర్నీ పార్కు గేటు దగ్గర పిలిచింది. చెట్టు కింద నిప్పు గానీ పొగ గానీ చప్పుడు గానీ ఉండకూడదని, జనం కొద్దికొద్దిగా లోపలికి వెళ్లి పాలు పోసి వచ్చెయ్యాలని, టపాకాయలు రోడ్డు చివర బడి మైదానంలో కాల్చుకోవాలని చెప్పింది. తోటపని చేసే సోములు మందు కొట్టే యంత్రంలో నీళ్లు నింపుకుని నిలబడి ఉంటాడు. గేటు పక్కన తడిపిన గోనె సంచులు పెడతారు. పట్టు లేస్తే పరిగెత్తకుండా సంచి కప్పుకుని నడిచి, తలుపులున్న చోటికి చేరాలి. దగ్గర్లో తలుపులున్న చోటు నా కొట్టే.

మా సూర్యారావు అడ్డం తిరిగాడు. ఇనప సామాను కొట్టు అతనిది. పండగలకి బాణసంచా కూడా పెడతాడు. నన్ను వరసకి బావా అంటాడు.

"టపాకాయ కాల్సకపోతే మనం వొచ్చినట్టు పుట్టలో ఉన్నాయనకి ఎలాగ తెలుస్తాది బావా? కాలింగు బెల్లు కొట్టాలేటి?"

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మేడమ్ కూడా నవ్వి, ఆయనకి చెవులుండవు కదా సూర్యారావు గారూ, పాలు పోస్తే చాలు తెలుస్తుంది అన్నది. చివరికి టపాకాయలు మైదానంలోనే కాలుస్తామని అతను ఒప్పుకున్నాడు.

అక్కడి నుంచి మేడమ్ నా కొట్లోకి వచ్చింది. వెనక గోడకి పైన ఒక కిటికీ ఉంది. చెక్క రెక్కలు, వాటి వెనక బిగించిన అద్దం. దాని ముందు దిమ్మల సంచులు పేర్చి ఉన్నాయి. అవి తీయించి ఆ రెక్కలు తెరిచి ఉంచమన్నది. షట్టరు దించాక చీకటైతే, మనుషులతో లోపలికి వచ్చిన ఈగలు మనుషుల మీదే వాలతాయట. ఒక్క చోట వెలుతురుంటే అన్నీ అటే పోతాయట. ఇంకో మాట కూడా చెప్పింది. ఒంటి మీద వాలిన ఈగని కొట్టొద్దు, చంపితే ఆ వాసనకి మిగతావన్నీ అక్కడికే వస్తాయి.

మర్నాడే సంచులు తీయించాను. కానీ నాగుల చవితికి బెల్లం ఎంత పోతుందో బెల్లం వర్తకుడికే తెలుసు. ముందు రోజు లోడు దిగింది. పెట్టడానికి చోటు లేదు. హమాలీలు ఎక్కడ పెట్టమంటారని అడిగితే, ఒక్క పూటే కదా, అమ్ముడైపోతుంది కదా అని మళ్లీ అక్కడే వేయించాను.

చవితినాడు అనూరాధ తలంటుకుని, పసుపు రంగు నేత చీర కట్టుకుని, ఇత్తడి చెంబులో పాలు, కప్పిన పళ్లెంలో చిమ్మిలి పట్టుకుని బయల్దేరింది. నేనూ వస్తానన్నాను. మేడమ్ మిమ్మల్ని షట్టరు దగ్గరుండమంది కదా, ఉండండి అన్నది. గుమ్మంలో నిలబడి, ఆవిడ రోడ్డు దాటడం చూశాను. ఆవిడ రోడ్డు దాటేటప్పుడు ఆటోలకి కూడా నేనెప్పుడూ అంత భయపడలేదు.

పార్కులో అంతా పద్ధతి ప్రకారమే నడుస్తోంది. గేటు దగ్గర తాడు కట్టారు. మేడమ్ మెళ్లో విజిల్ వేసుకుని జనాన్ని కొద్దికొద్దిగా లోపలికి పంపుతోంది. సోములు యంత్రం వీపున కట్టుకుని చెట్టు దగ్గర నిలబడ్డాడు. అంతమంది ఆడవాళ్లు గుసగుసగా మాట్లాడుకోవడం నేను జీవితంలో మొదటిసారి చూశాను. పైన పట్టు నల్లగా, కదలకుండా ఉంది. మైదానం వైపు నుంచి టపాకాయల చప్పుడు దూరంగా వస్తోంది. నేను లోలోపల లెక్క వేసుకున్నాను. అనూరాధ వంతు రావాలి, పాలు పోయాలి, మొక్కుకోవాలి, తిరిగి రావాలి. ఒక దిమ్మ తూచి పొట్లం కట్టేంత సేపు. అంతే కదా.

ఆవిడ ముందు సూర్యారావు ఇంటివాళ్లు ఉన్నారు. వాళ్ల పాలు అయిపోయాయి. సూర్యారావు పుట్ట వెనక వైపు వంగి ఏదో సర్దుతున్నాడు. దణ్ణం పెడుతున్నాడనుకున్నాను. అగ్గిపుల్ల వెలుగు కనిపించింది.

తర్వాత అతను చెప్పిన లెక్క ఏమిటంటే, మేడమ్ కాదన్నది టపాకాయని, తను పెట్టింది చిచ్చుబుడ్డి. దానికి చప్పుడుండదు. ఆయన్ని ఊరికే చీకట్లో ఉంచకుండా కాస్త వెలుగు చూపిద్దామనుకున్నాడు.

తెల్లటి రవ్వలు చెట్టులోకి లేచాయి. వాటి వెంట పొగ తిన్నగా కొమ్మ దాకా వెళ్లింది. పట్టు కింది అంచు వదులైంది. నల్లటి ముద్ద పలచబడి, వెనకున్న మైనం పచ్చగా కనిపించింది. ఒక్కసారిగా ఆ నలుపంతా గాల్లోకి వచ్చేసింది. దాని హోరు రోడ్డు ఇవతల నా పళ్లలో తెలిసింది.

మేడమ్ విజిల్ ఆపకుండా వేస్తోంది. సోములు నీళ్లు పైకి కొడుతున్నాడు. కొందరు సంచులు కప్పుకున్నారు, ఎక్కువమంది పరిగెత్తారు. పళ్లేలు కింద పడుతున్నాయి. సూర్యారావు తల మీద చేతులతో కొట్టుకుంటూ అందరికంటే ముందు వచ్చి నా కొట్లో పడ్డాడు. అతని వెనక ఎవరెవరో దూరారు. నాకు కావలసిన మనిషి వాళ్లలో లేదు. షట్టరు దించెయ్, దించెయ్ అని లోపల అందరూ అరుస్తున్నారు. దాని కొక్కెం నా చేతిలో ఉంది. నా చుట్టూ ఈగలు తిరుగుతున్నాయి, చెవి వెనక ఒకటి కుట్టింది. ఆ నొప్పి నాకు తెలిసింది, అంతే.

అప్పుడు రోడ్డు మధ్యలో ఒక గోనె సంచి నడిచి రావడం చూశాను. కింద పసుపు అంచు. పరిగెత్తడం లేదు. నేలలోకి చూసుకుంటూ, ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తోంది. ఆవిడ గడప దాటింది. షట్టరు లాగేశాను.

లోపల చీకటి. కరెంటు పొద్దుటి నుంచే లేదు. రేకు మీద బయటి నుంచి ఈగలు వచ్చి తగులుతున్న చప్పుడు, చేటలో మినుములు పోసినట్టు. ఎవరో ఏడుస్తున్నారు. అనూరాధ దగ్గరికెళ్లి, ఎక్కడైనా కుట్టిందా అని అడిగాను. లేదన్నది. భద్రంగా ఉన్నాం అనుకున్నాను. అంతలో మా తలల పక్కనే, లోపల, హోరు వినిపించింది.

మాతో పాటు అవీ వచ్చాయి. ఎన్నో తెలియదు. చీకట్లో ఎక్కడున్నాయో తెలియదు. బయట వేల కొద్దీ ఉన్నవాటికంటే ఇవి ఎక్కువ భయపెట్టాయి. సూర్యారావు జేబులోంచి ఫోను తీసి లైటు వేశాడు. ఆ వెలుగులో ముందు నాకు కనిపించింది అనూరాధ భుజం. సంచి జారిపోయింది. చీర మీద, మెడకి బెత్తెడు దూరంలో, ఒక పెద్ద ఈగ నడుస్తోంది.

అప్పటికే మిగతావి ఫోను మీదికి వచ్చేశాయి. సూర్యారావు చేతి మీద కుట్టాయి. అతను కెవ్వుమని ఫోను వదిలేశాడు. అది రాతి నేల మీద పడి ఆరిపోయింది. మళ్లీ చీకటి. కానీ నేను చూడవలసింది చూశాను. వెలుతురుంటే అన్నీ అటే పోతాయని మేడమ్ చెప్పిన మాట కళ్ల ముందు జరిగింది. ఆ వెలుతురు ఇప్పుడు నా బెల్లం సంచుల వెనక ఉంది.

"కొట్టేద్దాం బావా, గుడ్డెట్టి నొక్కేద్దాం," సూర్యారావు గొంతు ఏడుపులా ఉంది.

అతని చెయ్యి చీకట్లో వెతికి పట్టుకున్నాను. చంపితే మిగతావి వస్తాయి. చంపకపోతే అది మెడ మీదికి నడుస్తుంది. షట్టరు ఎత్తితే వెలుతురు వస్తుంది, దానితో పాటు బయట ఉన్నవన్నీ వస్తాయి. ఏ పక్క తూచినా సిబ్బి ఆవిడ వైపే వాలుతోంది. ఆవిడని వదిలి వెనక గోడకి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు. నేను పక్కన లేని క్షణంలోనే కుడుతుందని నమ్మకంగా అనిపించింది.

అనూరాధ గొంతు చీకట్లో చాలా నెమ్మదిగా వినిపించింది. పెదవులు కూడా కదలకుండా మాట్లాడుతోంది.

"మీరు నా కాసి సూడకండి. ఆ సంచులు సూడండి."

వెళ్లాను. సంచులు తడిమి పట్టుకుని లాగాను. హమాలీ ఒడుపు నాకు లేదు. మొదటిది నా కాలి మీదే పడింది. రెండోది చిరిగింది, దిమ్మలు దొర్లాయి. చేతులకి జిగురు. ఆ జిగురు మీద కూడా ఏదో వాలింది, కదిలించలేదు. సూర్యారావు తడుముకుంటూ వచ్చి రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరం ఏ మాటా లేకుండా లాగాం. నా సొంత సరుకుని నేను అంత అసహ్యించుకున్న రోజు లేదు. ఆఖరి సంచి దిగాక కిటికీ గడియ దొరికింది. తుప్పు పట్టి ఉంది. అరచేత్తో కొట్టాను, కొట్టాను. రెక్కలు తెరుచుకున్నాయి.

పలకలా పడింది వెలుతురు. అద్దం మీద బూజు, అయినా చాలు. ఒక ఈగ నా మొహం పక్క నుంచి వెళ్లి అద్దానికి తగిలింది. ఇంకొకటి. వెనక్కి తిరిగి చూశాను.

ఈగ ఇప్పుడు అనూరాధ మెడ మీద ఉంది. మంగళసూత్రం తాడు పక్కన, పాత మచ్చ ఉన్న చోటికి దగ్గర్లో. ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. రెండు చేతులతో పాల చెంబు గుండెకి ఆనించి పట్టుకుంది. ఊపిరి తీస్తోందో లేదో తెలియలేదు. కొట్లో ఎవరూ కదలలేదు, ఏడ్చేవాళ్లు కూడా ఆగారు. ఈగ తాడెక్కింది, ఆగింది, కాళ్లతో మొహం తుడుచుకుంది. మళ్లీ చర్మం మీదికి దిగింది. నేను దేవుళ్లెవర్నీ తలుచుకోలేదు. ఏ పేరూ గుర్తు రాలేదు.

అది రెక్కలు విదిల్చి లేచింది. ఆవిడ చెవి పక్క నుంచి, సూర్యారావు తల మీదుగా, నా పక్క నుంచి వెళ్లి అద్దం మీద వాలింది.

అనూరాధ కళ్లు తెరవలేదు. "పోయిందేటి?" అని అడిగింది. పోయిందన్నాను. అప్పుడు కింద కూర్చుంది. చెంబు మాత్రం వదల్లేదు.

చాలాసేపటికి మేడమ్ వచ్చి షట్టరు తట్టింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి ఉంది, చేతులు ఉబ్బిపోయాయి. సోములు తడిసి ముద్దయ్యాడు. ప్రాణాపాయం ఎవరికీ లేదని, బాగా కుట్టినవాళ్లని ఆటోల్లో ఆస్పత్రికి పంపానని చెప్పింది. అద్దం మీద పాకుతున్న ఈగల్ని, కింద చెల్లాచెదరైన సంచుల్ని చూసింది. సూర్యారావు తల దించుకుని, చిచ్చుబుడ్డికి సప్పుడుండదని అనుకున్నానమ్మా అన్నాడు. ముందు ఆస్పత్రికెళ్లి ఇంజెక్షన్ చేయించుకోండి, ఆ లెక్క రేపు చూద్దాం అన్నది ఆవిడ.

మధ్యాహ్నం దాటేసరికి ఈగలు మళ్లీ కొమ్మకి చేరి నల్లటి ముద్దయ్యాయి. వీధిలో ఆ హోరు లేదు. మునిసిపాలిటీ వాళ్లు రేపే పట్టు తీయించేస్తారని జనం చెప్పుకుంటున్నారు. మేడమ్ మాత్రం పార్కు గేటుకి తాళం వేసి, పూత అయిపోయేదాకా ఎవరూ వెళ్లకూడదని బోర్డు పెట్టిస్తోంది.

అనూరాధని ఇంటికి తీసుకెళ్దామని లేచాను. ఆవిడ కదల్లేదు. చెంబు నా ముందు పెట్టింది. పాలు అలాగే ఉన్నాయి.

"నాను పోస్తానంటే మీరు రానివ్వరు. మీరు పోసి రండి."

మేడమ్ వద్దంటుందనుకున్నాను. అనలేదు. సోముల్ని తాళం తియ్యమన్నది. నిప్పు లేదు కదా, నెమ్మదిగా వెళ్లి రండి, పైకి చూడకండి అన్నది.

పొద్దున అనూరాధ ఎలా నడిచిందో అలాగే, నేలలోకి చూసుకుంటూ నడిచాను. గడ్డిలో చిమ్మిలి ఉండలు, తెగిన చెప్పులు, కాలిపోయిన చిచ్చుబుడ్డి డొల్ల. సోములు పుట్టకి కాస్త దూరంలోనే ఆగిపోయాడు. ఆఖరి దూరం ఒక్కణ్ణే వెళ్లాలి. పుట్ట దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. తల పైన సన్నటి గురగుర, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా. చెవి వెనక పొద్దుటి కాటు సలుపుతోంది. చెంబు వంచాను. పాలు మొదట మట్టి మీద పడ్డాయి, తర్వాత కన్నంలోకి దిగాయి. ధార సన్నగా పడింది. అంత నెమ్మదిగా ఖాళీ అయిన పాత్రని నేను చూడలేదు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ కొట్టు గుమ్మంలో నిలబడి ఉంది.

"అంతా పోసేసినారా, మిగిల్సినారా?"

చెంబు తలకిందులుగా పట్టి చూపించాను.